పోర్చుగీసు సముద్రయానాలు

15వ శతాబ్దంలో పోర్చుగల్ ఆఫ్రికా పశ్చిమ తీరం వెంట మొదలుపెట్టి 1498 నాటికి భారతదేశం దాకా సాగించిన నౌకాయాత్రలివి. బంగారం, మిరియాల వేటగా మొదలైనా, ఇవి ప్రపంచంలో మిగిల్చిన పెద్ద మార్పు మనుషుల తరలింపే.

1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకోవడంతో వర్తక మార్గాలు మూసుకుపోయాయనీ, అందుకే ఐరోపావారు సముద్రం మీద పడ్డారనీ బడి పుస్తకాల్లో చదువుకుంటాం. తేదీలు చూస్తే ఈ మాట నిలవదు. పోర్చుగల్ ఉత్తర ఆఫ్రికాలోని సియూటా రేవును 1415లోనే గెలుచుకుంది. పోర్చుగీసు నావికుడు గిల్ ఇయానెస్ ఆఫ్రికా పశ్చిమ తీరంలోని బొజడోర్ అగ్రాన్ని 1434లోనే దాటాడు. అసలు ఆశ సహారా మీదుగా ఒంటెల బిడారుల్లో ఉత్తరానికి వచ్చే బంగారం మీద. ముస్లిం రాజ్యాలపై మతయుద్ధ కాంక్ష దానికి తోడైంది. మిరియాల మీద వెనిస్ వర్తకుల గుత్తాధిపత్యాన్ని దెబ్బతీయాలన్న ఆలోచన తరవాత బలపడింది. ఈ యాత్రల ఖర్చు భరించిన పోర్చుగల్ రాకుమారుడు హెన్రీని లోకం ‘నావికుడు’ అంటుంది గానీ, ఆయన ఈ దూరయాత్రల్లో దేనికీ వెళ్లలేదు.

ఆఫ్రికా తీరం వెంట దక్షిణానికి పోవడం కన్నా తిరిగి రావడమే కష్టం. గాలి, ప్రవాహం రెండూ ఎదురే. నావికులు తీరం వదిలి నడిసముద్రంలోకి వాయవ్యంగా సాగి, అజోర్స్ దీవుల వైపు పడమటి గాలిని అందుకుని ఇల్లు చేరడం నేర్చారు. త్రికోణపు తెరచాపల కారవెల్ ఓడ ఇందుకు అక్కరకొచ్చింది.

1488లో బార్తొలోమియో డయాస్ ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టాడు. 1497లో లిస్బన్ నుంచి బయల్దేరిన వాస్కో డ గామా తూర్పు ఆఫ్రికా తీరంలోని మలిందిలో దారి తెలిసిన నావికుణ్ణి ఎక్కించుకుని, 23 రోజుల్లో అరేబియా సముద్రం దాటి 1498 మేలో కోళికోడ్ చేరాడు. అరబ్బులకూ గుజరాతీలకూ ఆ దారి కొత్తదేమీ కాదు. కోళికోడ్ పాలకుడు సామూతిరికి కానుకలుగా గామా సిద్ధం చేసినవి గుడ్డలు, టోపీలు, పగడాలు, చేతులు కడుక్కునే పళ్లేలు, చక్కెర, నూనె, తేనె. అవి చూసి రాజోద్యోగులు నవ్వారు. మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడైనా ఇంతకన్నా ఎక్కువిస్తాడన్నారు. తిరుగు ప్రయాణంలో గాలుల అదను చూడకుండా బయల్దేరడంతో అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. స్కర్వీ వ్యాధితో చిగుళ్లు వాచి నావికులు వరసగా చనిపోయారు. నడిపేందుకు మనుషులు చాలక ‘సావో రఫేల్’ ఓడను తగలబెట్టారు.

1510లో గోవా, 1511లో మలక్కా పోర్చుగీసుల వశమయ్యాయి. విజయనగరానికి గుర్రాలు వారి ద్వారా వచ్చాయి. అమెరికా పంట అయిన మిరప మనకు చేరిందీ వారి ఓడల్లోనే. గుంటూరు ఘాటుకు అదే మొదలు.

అసలు మూల్యం చెల్లించింది ఆఫ్రికా. 1444లోనే పోర్చుగల్ లోని లాగోస్ రేవులో 235 మంది బందీలను దించి, తల్లులనూ పిల్లలనూ వేరుచేసి పంచుకున్నారు. మదీరా, సావో తొమే, తరవాత బ్రెజిల్ చెరకు తోటలు ఈ బానిస వ్యాపారాన్ని పెంచాయి. ఇతర ఐరోపా దేశాలూ దిగడంతో, నాలుగు శతాబ్దాల్లో సుమారు 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలెక్కించారు. 1820 వరకు అట్లాంటిక్ దాటినవారిలో ఐరోపావారి కన్నా ఆఫ్రికన్లే ఎక్కువ.

1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు అమల్లోకి రాగానే తోటల యజమానులు భారతీయ ఒప్పంద కూలీల వైపు తిరిగారు. ఆంధ్ర తీర జిల్లాల తెలుగువారు మారిషస్‌కు అలాగే వెళ్లారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడలోనూ తమిళులతో పాటు తెలుగువారున్నారు. ఈ కూలీల సేకరణ 1917లో ఆగింది.