మలయాళ స్వామి

మలయాళ స్వామి (1885–1962): సన్యాసి, వేదాంత గురువు, అప్పటి చిత్తూరు జిల్లా (ఇప్పుడు తిరుపతి జిల్లా) ఏర్పేడులోని వ్యాసాశ్రమ స్థాపకులు. సన్యాస నామం అసంగానంద గిరి. కేరళ నుంచి వచ్చినందున తెలుగువారు మలయాళ స్వామి అని పిలుచుకున్నారు.

జీవితం: గురువాయూరు ప్రాంతంలోని ఎంగండియూర్‌లో జన్మించారు. పూర్వాశ్రమ నామం వేలప్ప. నారాయణ గురువు శిష్యులైన శివలింగస్వామి వద్ద చదువుకున్నారు. దేశాటన తర్వాత తిరుమల చేరి, గోగర్భం వద్ద సుమారు పన్నెండేళ్లు తపస్సు చేశారు.

వ్యాసాశ్రమం: రేణిగుంట, శ్రీకాళహస్తి మధ్యనున్న ఏర్పేడులో 1926లో ఆశ్రమం నెలకొల్పారు. సంస్కృతం, ఉపనిషత్తులు కొందరికే పరిమితమన్న కట్టుబాటును ఇక్కడ తోసిపుచ్చారు. అన్ని కులాలవారూ, స్త్రీలూ ప్రణవం జపించారు, వేదాంతం చదివారు. అర్హులైనవారు సన్యాసమూ స్వీకరించారు. బాలికలకు కన్యా గురుకులం నడిచింది. ఊరూరా సనాతన వేదాంత జ్ఞాన సభలు జరిపి ఈ బోధను జనంలోకి తీసుకెళ్లారు.

రచనలు: ‘శుష్క వేదాంత తమోభాస్కరం’ ప్రసిద్ధం. బ్రహ్మవిద్యకు అందరూ అర్హులేనని ఇందులో శాస్త్ర ప్రమాణాలతోనే నిరూపించారు. ఆచరణ లేని వేదాంతాన్ని ఖండించారు.

ప్రభావం: శిష్యులు విద్యాప్రకాశానంద గిరి శ్రీకాళహస్తిలో శుకబ్రహ్మాశ్రమం స్థాపించి, ‘గీతా మకరందం’ రచించారు. పుట్టుకతో అర్హతను కొలిచే కాలంలో జిజ్ఞాసనే అర్హతగా నిలిపిన మలయాళ స్వామికి తెలుగునాట ఆధ్యాత్మిక, సంస్కరణ చరిత్రలు రెండింటిలోనూ ఉన్నత స్థానం ఉంది.