చుక్క, గీత, గురువారం

మా తాతయ్య డైరీల నిండా గోదావరే. కోనసీమలో గౌతమి గట్టుకి దగ్గర్లో మా ఊరు. ఏటా వరదల రోజులొస్తే ఆయన తేదీ, వారం, నీళ్లు ఎందాకా వచ్చాయో రాసిపెట్టుకునేవారు. "16.8.1986, శని. అరుగు మునిగింది." భద్రాచలంలో 75.6 అడుగులకి చేరి, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది.

ఆయన పోయాక ఆ డైరీలని పట్టికగా ఎక్కించి, 'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫ్ గీద్దామనుకున్నాను. సగం నేను టైప్ చేశాను. మిగతా సగం ఫోటోలు తీసి డాలస్‌లో ఉన్న మా బాబాయి కొడుక్కి పంపాను.

తాతయ్య తేదీల మధ్య ఓ ఏడు చుక్కలు పెట్టారు, ఓ ఏడు అడ్డగీతలు, ఇంకో ఏడు ఏటవాలు గీతలు. ఉన్నదున్నట్టు కొట్టేశాను. ఆర్‌లో తేదీలు చదివే ఆదేశం, క్రమం మనం చెప్పకపోతే, సంవత్సరమే ముందుంటుందనుకుంటుంది. 16/08/1986 ఇస్తే 16ని సంవత్సరంగా, 08ని నెలగా తీసుకుంది. 1986లోంచి 19ని రోజుగా పట్టుకుని, మిగిలిన 86ని వదిలేసింది. జవాబు: క్రీ.శ. 16, ఆగస్టు 19. అంటే మా అరుగు మునిగింది శాతవాహనుల నాడు! పైగా మొదటి వరుసలో ఉన్న గుర్తే అన్నిటికీ ఉంటుందనుకుని, చుక్కలూ అడ్డగీతలూ ఉన్న వరుసల్ని చప్పుడు చెయ్యకుండా ఖాళీ చేసేసింది. ఎన్ని వరదలు మాయమయ్యాయో లెక్కపెడితేగానీ తెలీలేదు.

అప్పుడు కోరుమిల్లి తామ్రశాసనం గుర్తొచ్చింది. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం తేదీ అందులో ఉంది. చుక్కా లేదు, గీతా లేదు, అసలు అంకెలే లేవు. వేదాలు, సముద్రాలు, నిధులు అన్న మాటలున్నాయి. నాలుగు, నాలుగు, తొమ్మిది. ఇలాంటి మాటల అంకెల్ని చివరి నుంచి వెనక్కి చదవాలన్నది సంప్రదాయం, కాబట్టి శకం 944. దానికి 78 కలిపితే క్రీ.శ. 1022. ఆ సంప్రదాయం తెలియనివాడు ముందు నుంచి చదివితే 449, అంటే క్రీ.శ. 527. వేంగిలో తూర్పు చాళుక్యుల పాలన మొదలైందే 624లో. వంశం పుట్టకముందే రాజుకి పట్టాభిషేకం! ఆర్ చేసిన తప్పూ ఇలాంటిదే. అంకెలు సరైనవే, ఏ వైపు నుంచి చదవాలో తెలీదు.

కానీ శాసనకవి సంవత్సరంతో ఆగలేదు. సూర్యుడు సింహరాశిలో, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం అనికూడా చెప్పాడు. తప్పు చదివితే ఇవన్నీ ఒకచోట కలవడం కష్టం. సరిగ్గా చదివితే జూలియన్ లెక్కలో 1022 ఆగస్టు 16 వస్తుంది. వారం కట్టి చూశాను. గురువారమే.

నిజానికి కంప్యూటర్‌కి లోపల చుక్కలతో గీతలతో పనిలేదు. తేదీని రోజుల లెక్కగా దాచుకుంటుంది. ఆర్ 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది, 'శాస్' అనే మరో సాఫ్ట్‌వేర్ 1960 జనవరి 1 నుంచి. మా అరుగు మునిగిన రోజు ఒకదానికి 6071, ఇంకోదానికి 9724. మన సిద్ధాంతులు కలియుగారంభం నుంచి కట్టే అహర్గణం కూడా ఇలాంటి లెక్కే. లోపల సంఖ్య కుదిరాక బయటికి ఏ గుర్తుతో చూపించినా ఒకటే. చిక్కంతా చదివేటప్పుడే.

గుర్తులన్నీ ఒకటి చేసి, రోజు-నెల-సంవత్సరం అని క్రమం చెప్పాను. ఖాళీలు పోయాయి. హమ్మయ్య అనుకున్నాను. గ్రాఫ్‌లో చూస్తే 2006 జూన్ 8న పెద్ద వరద! తొలకరి రోజుల్లో అంత నీరా? అది డాలస్ నుంచి వచ్చిన వరుస. అక్కడి అలవాటు కొద్దీ తమ్ముడు నెల ముందు కొట్టాడు: 08/06/2006. ఆర్‌కి అందులో తప్పేం కనబడదు. జూన్ 8 కూడా తేదీయే కదా.

పట్టుకున్నది తాతయ్య రాసిన వారమే. డైరీలో "ఆది" అని ఉంది. జూన్ 8 గురువారం, ఆగస్టు 6 ఆదివారం. వారాన్ని మేమిద్దరం అసలు టైప్ చెయ్యలేదు. తేదీ ఉండగా అదెందుకులే అనుకున్నాం. మళ్లీ మొదటినుంచి కూర్చుని ప్రతి వరుసకీ వారం చేర్చాను.

ఒక్కచోట మాత్రం ఎంత తిప్పినా తేదీ, వారం కలవలేదు. అర్ధరాత్రి లాంతరు వెలుగులో రాశారేమో, నీళ్లు వస్తుంటే ఏ రోజో మర్చిపోయారేమో. దాన్ని దిద్దలేదు. పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.