నాణ్యమును నమ్మకమును

మనము ప్రతిదినము అంగడిలో కొను వస్తువులలో అనేకముల గుణము కంటికి కనబడునది కాదు. వంకాయను చేత పట్టి చూడవచ్చును. బియ్యపుగింజను నోట వేసికొని చూడవచ్చును. పొడియైన కాఫీలోను, కాచిన నేతిలోను, గానుగనూనెలోను ఏమి కలసినదో చూచినంతమాత్రమున తెలియదు. అట్టి సరుకును కొనునపుడు మనము నిజముగ కొనుచున్నది అమ్మువాని మాటను. వర్తకుడు మన యూరివాడే యైనపుడు ఆ మాటకు ఊరే హామీగా నుండెను. మోసము చేసినవాడు మరునాడు రచ్చబండ కడ తలయెత్తుకొని తిరుగలేడు. సరుకు దూరదేశముల నుండి పలుచేతులు మారి వచ్చుట మొదలైనపుడు ఆ హామీ సడలినది. దాని స్థానమున ఏమి రావలెనను ప్రశ్నకు ఇంగ్లండు దేశీయులు పందొమ్మిదవ శతాబ్దమున మిక్కిలి నష్టపడి సమాధానము నేర్చుకొనిరి. ఆ చరిత్రలో గ్రంథాలయములకును చోటు కలదు. కావున ఈ రజతోత్సవ సంచికలో దానిని చెప్పుట అసందర్భము కాదని తలచుచున్నాను.

ఆనాడు పల్లెలను విడిచి మిల్లుల పట్టణములకు చేరిన కూలిజనము తాము ఎరుగని వర్తకుల కడ తిండి కొనవలసి వచ్చెను. రొట్టె తెల్లగా కనబడుటకు పిండిలో పటిక కలుపుచుండిరి. జున్నునకు ఎర్రని రంగు వచ్చుటకు సీసపు సిందూరము చేరుచుండెను. తేయాకు పేరిట ముండ్లపొదల ఆకులు అమ్ముడుపోవుచుండెను. 1820లో లండనునందుండిన ఫ్రెడరిక్ ఆకమ్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు ఈ కల్తీలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, వర్తకుల పేళ్లనుకూడ అందు వ్రాసెను. ఒక నెలలోనే వేయి ప్రతులు అమ్ముడుపోయెను. కాని ఆ సంవత్సరాంతముననే ఆయనపై ఒక నేరము మోపబడెను. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ గ్రంథాలయ పుస్తకములలోని పుటలను చించుకొనిపోయెనని ఆ ఆరోపణ. ఆయన విచారణకు నిలువక 1821లో జర్మనీకి వెడలిపోయెను. ఆయన చెప్పిన కల్తీలు అబద్ధములు కాకపోయినను, చెప్పినవానిపై విశ్వాసము పోవుటచే ఆ మాటయు కొంతకాలము మూలబడెను. పండితుని విద్య ఎంత గొప్పదైనను అతని నడత దానికి పునాది యని ఈ కథవలన తెలియుచున్నది.

పండితులకై ఎదురుచూడక, రాచ్‌డేల్ పట్టణమున 28 మంది శ్రమజీవులు వేరొక త్రోవ త్రొక్కిరి. వారిలో పలువురు నేతపనివారు. తలకొక పౌను చొప్పున కూడబెట్టి, 1844 డిసెంబరు 21వ తేదీన టోడ్ లేన్ వీధిలో చిన్న అంగడి తెరచిరి. పిండి, వెన్న, పంచదార, ఓట్ల పిండి, క్రొవ్వొత్తులు - ఇవియే తొలినాటి సరుకులు. కల్తీ లేని వస్తువు, తక్కువగాని తూకము, అరువు లేని అమ్మకము వారి నియమములు. కొనువాడే అంగడికి యజమాని గనుక లెక్క అడుగు హక్కు ప్రతివానికి కలదు. వారు చదువుకొను గదిని, గ్రంథాలయమును ఏర్పరచుకొని, లాభములో నూటికి రెండున్నర వంతును విద్యకై ప్రత్యేకించిరి. లెక్క అడుగుటకు హక్కు మాత్రము చాలదు, అడుగుటకు తెలివియు కావలెనని వారు గ్రహించిరి.

అంతలో కాఫీలో చికోరీ వేరును కలుపు వివాదము పెద్దదాయెను. కలసిన చికోరీని రసాయన విద్యచే గాని మరియే ఉపాయముచే గాని పట్టుకొనుట సాధ్యము కాదని 1850లో ఆర్థికమంత్రి సర్ చార్లెస్ వుడ్ పార్లమెంటులో చెప్పెను. ముగ్గురు ప్రసిద్ధ రసాయనజ్ఞుల నివేదిక ఆయనకు ఆధారము. ఆర్థర్ హిల్ హాసల్ అను వైద్యుడు ఆ పొడిని సూక్ష్మదర్శినిలో పెట్టి చూచెను. కాఫీగింజ కణములు వేరు. చికోరీ వేరు కణములు వేరు. పెద్దలు అసాధ్యమన్నది కంటికి కనబడెను. పిమ్మట 'లాన్సెట్' పత్రిక సంపాదకుడు థామస్ వాక్లీ 1851 మొదలు 1854 వరకు హాసల్ పరీక్షల ఫలితములను వర్తకుల పేళ్లతో, చిరునామాలతో ప్రకటించెను. కల్తీ సరుకు అమ్మినవాని పేరు వలెనే మంచి సరుకు అమ్మినవాని పేరును ప్రకటించుట అందలి విశేషము. దానిచే నిజాయితీపరుడు బహిరంగముగ గుర్తింపబడెను.

అయినను కల్తీ ఆగలేదు. 1858 అక్టోబరు చివర బ్రాడ్‌ఫర్డ్ సంతలో అమ్మిన పిప్పరమెంటు బిళ్లలను తిని సుమారు 20 మంది మరణించిరి. రెండువందల మందికి పైగా జబ్బుపడిరి. పంచదార ప్రియమగుటచే బిళ్లలలో సుద్దవంటి తెల్లపొడి కలుపుట వాడుక. మందుల అంగడిలో ఆ పొడికి మారుగా, ఒక సహాయకుడు పొరపాటున శంఖపాషాణమును తూచి ఇచ్చెను. నేరము మోపబడినవారు శిక్ష లేకయే విడుదలయైరి. అక్కడ ఎవరును చంపదలచలేదు. చిన్న కల్తీకి అందరును అలవాటుపడి యుండుటయే ఆ పెద్ద విపత్తునకు వాకిలి తెరచినది. 1860లో వచ్చిన కల్తీ నిరోధక చట్టము పరీక్షకుల నియామకమును స్థానికాధికారుల ఇష్టమునకు విడుచుటచే బలహీనమాయెను. కొనువాడు కోరిన స్వభావము, సారము, నాణ్యము గల వస్తువునే అమ్మవలెనని 1875 చట్టము గట్టిగ విధించెను.

మన దేశమునను ఇదే మార్గము నడచినది. 1937 చట్టముచే వ్యవసాయోత్పత్తులకు అగ్‌మార్కు ముద్ర వచ్చెను. 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టము వెలసెను. దాని స్థానమున 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము అమలునకు వచ్చినది. ఈ రెండు చట్టములును సామాన్యునికి ఒక హక్కు నిచ్చినవి. కొన్న వస్తువును రుసుము చెల్లించి ప్రభుత్వ పరీక్షకునిచే పరీక్షింపించుకొనవచ్చును. ఆ సంగతిని కొనునపుడే అమ్మువానికి తెలుపవలెను. కల్తీ యని తేలినచో రుసుము తిరిగి వచ్చును. నాడు అంత వివాదము రేపిన చికోరీ నేడు మన కాఫీపొట్లములో కలదు. అయితే ఆ మిశ్రమమున కాఫీ నూటికి 51 వంతులకు తగ్గరాదు; పాళ్లను పొట్లముపై అచ్చువేయవలెను. కలుపుటకంటె దాచుటయే మోసమని దీనివలన స్పష్టమగుచున్నది.

ముద్రయైనను, పండితుని మాటయైనను, చట్టమైనను పరీక్షకు నిలిచినంతకాలమే నమ్మదగినది. అందరిని సందేహించువాడు సంత చేయలేడు. ఎవరిని ప్రశ్నింపనివాడు మోసపోవును. ప్రశ్నకు కోపింపక లెక్క చూపువాడే నమ్మదగినవాడు. అట్టి ప్రశ్నను నేర్పు చోటు గ్రంథాలయము. అదియు నమ్మకముపైననే నిలిచియున్నది. చందాదారుని సంతకమునకే పుస్తకము చేతికి వచ్చుచున్నది. ఈ 25 ఏండ్లలో మన పుస్తకములు ఇంటింటికి వెళ్లి తిరిగి వచ్చినవి. ఇకముందును అవి ఒక్క పుటయు లోపింపక తిరిగి వచ్చుచు, చదివినవారికి లెక్క అడుగు ధైర్యమును, లెక్క చెప్పు నిజాయితీని ఇచ్చుచుండుగాక.