చెవికి అందిన విజ్ఞానం: రేడియో, గోదావరి డెల్టా విద్యార్థి, తెలుగు శాస్త్రభాష

వ్యాససంగ్రహం:
తెలుగులో జనరంజక విజ్ఞానరచన చరిత్రను సాధారణంగా గ్రంథాలు, పత్రికల ఆధారంగా రాస్తున్నారు. విజ్ఞానాన్ని చదవక విన్న శ్రోత ఆ చరిత్రలో కనిపించడు. మండపేట పరిసర డెల్టాను ఒక శ్రవణప్రాంతంగా తీసుకొని, నిత్యజీవిత విజ్ఞానాన్ని ఉన్నతపాఠశాల విద్యార్థికి చేర్చడంలో రేడియో పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నల్లబల్ల లేకపోవడమే రేడియో తెలుగుకు బలమైందని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: ఆకాశవాణి, జనరంజక విజ్ఞానం, శాస్త్రభాష, పారిభాషిక పదాలు, గోదావరి డెల్టా, ఉన్నతపాఠశాల.

1. ఉపోద్ఘాతం

1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభం కావడంతో తీరాంధ్ర శ్రోతకు తెలుగు ప్రసారాలు అందడం మొదలైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963లో విశాఖపట్నం కేంద్రం ఏర్పడ్డాయి. పిల్లల కార్యక్రమాలకు మద్రాసులోనే ఒక మాటతీరు కుదిరింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య'లుగా పిల్లలకు పరిచయమయ్యారు. ఈ వరసలను కేవలం ముద్దుపేర్లుగా తీసుకోకూడదు. అదే కాలపు పాఠ్యపుస్తకం 'ఉష్ణము వెలువడును' అని ఎవరితోనూ కాకుండా మాట్లాడేది. అన్నయ్య మాత్రం ఎదుట కూర్చున్న తమ్ముడితో మాట్లాడినట్టు మాట్లాడాలి. పాఠ్యపుస్తకాల్లో గ్రాంథిక ఛాయలు చాలాకాలం నిలిచినా, రేడియోలో విజ్ఞానం చెప్పాలంటే వ్యవహారంలోకి దిగక తప్పలేదు. వాడుకభాషోద్యమ చరిత్రలో ఈ అంశానికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదనే చెప్పాలి.

2. సెట్టే ప్రయోగశాల

నిత్యజీవిత విజ్ఞానాన్ని రేడియో ప్రసారం చేసిందా అన్న ప్రశ్నకు ముందు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఇంట్లోని రేడియోసెట్టే పల్లెటూరి విద్యార్థి చేతికి వచ్చిన తొలి భౌతికశాస్త్ర పరికరం.

మండపేట నుంచి విజయవాడ నేరుగీతలో సుమారు 150 కిలోమీటర్లు, విశాఖపట్నం సుమారు 170 కిలోమీటర్లు. మధ్యతరంగాలపై విజయవాడ 837, విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్‌లో వినిపించేవి. ట్రాన్సిస్టర్ సెట్టు లోపలి ఫెర్రైట్ కడ్డీయే దానికి ఏరియల్. కడ్డీ కేంద్రం దిశకు అడ్డంగా ఉంటే ధ్వని నిండుగా వస్తుంది. దాని మొన కేంద్రం వైపు తిరిగితే సన్నగిల్లుతుంది. సెట్టును బల్లమీద తిప్పుతూ వినే పిల్లలకు ఈ సంగతి అనుభవంలో తెలుసు. మండపేటకు విజయవాడ పడమటి వైపు, విశాఖ ఈశాన్యం వైపు, దాదాపు ఒకే గీతమీద ఎదురెదురుగా ఉంటాయి. కాబట్టి ఒకదానికి కుదిరిన సెట్టు రెండోదానికీ కుదురుతుంది. రెండింటినీ వేరుచేసేది దిక్కు కాదు, ముల్లు.

కేంద్రం తనను తాను పరిచయం చేసుకొనే ప్రకటన ఇంకా ఆసక్తికరం. మీటర్లలో తరంగదైర్ఘ్యం చెప్పి, 'అనగా' అని, కిలోహెర్ట్జ్‌లో పౌనఃపున్యం చెప్పేవారు. 837 కిలోహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం సుమారు 358 మీటర్లు. ఈ రెంటినీ గుణిస్తే సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు వస్తుంది. అది కాంతివేగం. రోజూ విన్న ఆ 'అనగా'లో పదోతరగతి సూత్రం ఒకటి దాగి ఉందని ఎందరు ఉపాధ్యాయులు చూపారో గాని, చూపదగిన చోటు మాత్రం అదే.

మెరుపు మెరిసిన క్షణంలో సెట్టు గరగరలాడడం మరొక పాఠం. 1895లో పొపోవ్ రష్యాలో ప్రదర్శించిన గ్రాహకం దూరపు మెరుపులను పసిగట్టేదే. అంటే రేడియో పూర్వరూపాల్లో ఒకటి పిడుగును వినడానికే పనికివచ్చింది. కోనసీమ మహీధర కుటుంబం నుంచి వచ్చి, జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్ తన పుస్తకానికి 'పిడుగు దేవర కథ' అని పేరు పెట్టుకున్నారు. భయం ఉన్నచోటనే వివరణ మొదలుపెట్టడం ఆయన పద్ధతి. రాత్రివేళ దూరపు కేంద్రాలు పలకడానికి కారణం అయనోవరణంలో పగలు తరంగాలను పీల్చుకొనే కింది పొర చీకటిపడ్డాక బలహీనపడడమే. ఆ అయనోవరణం మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భావరాజు రామచంద్రరావు పరిశోధనలు జరిపారు. డెల్టా పిల్లలు విన్నదానికి వివరణ వాల్తేరులోనే తయారవుతోంది.

3. 'వాయుగుండం' అనే మాట

పారిభాషిక పదాల చర్చ మన శాఖల్లో తరచు సంస్కృతమా, తెలుగా, ఆంగ్లమా అన్నచోటనే ఆగిపోతుంది. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడిన తరువాత పదకోశాలు వచ్చాయి. వాటి విలువ కాదనలేనిది. అయితే పదం కోశంలో ఉండడం వేరు, నోట ఉండడం వేరు.

గోదావరి తీరంలో అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అన్న మాటలకు అర్థం అడగవలసిన పని లేదు. ఇవి వర్ణనలు కావు, కొలతలు. గాలివేగం గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 50 చేరితే తీవ్ర వాయుగుండం, 62 చేరితే తుఫాను. బడికి వెళ్లనివారూ ఈ క్రమాన్ని తప్పకుండా చెప్పగలరు. 'అల్పపీడనం' తక్కువ సంస్కృతమేమీ కాదు. 'కిరణజన్య సంయోగక్రియ' నోరు తిరగదని అంటున్న శ్రోతకే ఇది తిరిగింది. పదం కఠినం కావడం కన్నా, ఆ పదం వెనుక వలను ఒడ్డుకు లాగాలా, కొబ్బరిచెట్ల కింది పాకను ఖాళీ చేయాలా అన్న నిర్ణయం ఉండడం ముఖ్యమైంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన పెనుతుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. అటువంటి చోట వార్తల తెలుగు, శాస్త్రం తెలుగు, ప్రాణం కాపాడుకొనే తెలుగు వేరువేరుగా ఉండవు.

అంతకు ముందరి ఏడాది, 1995 జనవరి 8న, పాశర్లపూడి చమురుబావిలో బ్లోఅవుట్ సంభవించి 65 రోజులు మంట ఆగలేదు. నేలలోంచి వచ్చే వాయువు ఏమిటి, నీళ్లు పోసినా ఎందుకు ఆరదు అని అడిగే విద్యార్థికి పాఠ్యపుస్తకం సవరించేదాకా ఆగే ఓపిక ఉండదు. రేడియోకి ఆ సాయంత్రమే చాలు. ఈ మాధ్యమానికి ఉన్న అసలు సౌలభ్యం ఇదే.

4. ధారావాహిక, పాఠం, మధ్యలోని ఖాళీ

1990ల తొలి సంవత్సరాల్లో ఆకాశవాణి, జాతీయ విజ్ఞాన సాంకేతిక ప్రచార మండలి కలిసి మానవ పరిణామంపై సుదీర్ఘ ధారావాహికను 18 భారతీయ భాషల్లో ప్రసారం చేశాయి. సుమారు లక్షమంది పిల్లలు, 10,000 పాఠశాలలు శ్రోతలుగా పేర్లు నమోదు చేసుకున్నారు. పరిణామం వంటి క్లిష్టవిషయాన్ని బొమ్మలేని మాధ్యమానికి అప్పగించడం సాహసమే. చూపలేనిది చెప్పాలంటే ఉపమానం కావాలి, సంభాషణ కావాలి, వాక్యం ఊపిరికి సరిపడా పొట్టిగా ఉండాలి. ఈ మూడూ సాహిత్య సమస్యలే. రేడియోనాటిక రచయితకూ విజ్ఞాన ప్రసంగకర్తకూ అక్కరకు వచ్చిన నేర్పు ఒకటేనని నా అభిప్రాయం.

1970ల్లో నికరాగ్వాలో గణితపాఠాలతో ఒక కొత్త పద్ధతి వచ్చింది. ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పేంత మౌనాన్ని ప్రసారంలోనే వదలడం దాని కిటుకు. ఆంధ్రప్రదేశ్‌లో 'విందాం నేర్చుకుందాం' ఈ బాటలోనిదే. కాని అది ప్రాథమిక తరగతుల కోసం. ఉన్నతపాఠశాల వచ్చేసరికి చెవి పని అయిపోయినట్టు, పరీక్షకు కావలసింది చదువు మాత్రమే అన్నట్టు వ్యవహరించాం. పదమూడేళ్ల వయసులోనే 'ఎందుకు' అన్న ప్రశ్న పదునెక్కుతుంది. సరిగ్గా అక్కడే మౌనం మిగిలింది, అదీ జవాబు కోసం వదిలిన మౌనం కాదు.

తెలుగుశాఖల్లో రేడియోపై వచ్చే పరిశోధనలు ఎక్కువగా నాటికలు, లలితగీతాల చుట్టూ తిరుగుతున్నాయి. విజ్ఞాన ప్రసంగపాఠాలను కూడా వచనరచనగా పరిగణించి, వాక్యనిర్మాణం, ఉపమాన ప్రయోగం, సంబోధన దృష్ట్యా పరిశీలించాలి. వక్తలు తమ దగ్గర దాచుకొన్న రాతప్రతులు ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లో చెదపట్టకముందే ఈ పని మొదలుకావాలి. మండపేట వంటి ఊళ్లలో అప్పటి శ్రోతలు, అంటే ఇప్పటి విశ్రాంత సైన్సు ఉపాధ్యాయులు, తాము విన్నదాన్ని తరగతిలో ఏ మాటల్లో తిరిగి చెప్పారో నమోదు చేయడం కూడా ఆ సేకరణలో భాగం కావాలి.