కేథరిన్ తై: కార్మిక హక్కును వాణిజ్య ఒప్పందంలో భాగం చేసిన న్యాయవాది

ఒక కర్మాగారంలో సంఘం పెట్టుకునే హక్కుకు భంగం కలిగితే, అక్కడ తయారైన సరుకుకు సరిహద్దులో సుంకం రాయితీ నిలిచిపోవచ్చు. అమెరికా, మెక్సికో, కెనడాల మధ్య 2020 జులై 1న అమల్లోకి వచ్చిన యూఎస్‌ఎంసీఏ ఒప్పందం ఈ ఏర్పాటు చేసింది. దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన న్యాయవాది కేథరిన్ తై. ఆమె 2021 మార్చి నుంచి 2025 జనవరి వరకు అమెరికా వాణిజ్య ప్రతినిధిగా పనిచేశారు.

నేపథ్యం

తై 1974లో కనెక్టికట్ రాష్ట్రంలో జన్మించారు. ఆమె తల్లిదండ్రులు చైనాలో పుట్టి, తైవాన్‌లో పెరిగి, అమెరికాకు వలస వచ్చారు. యేల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివారు. 2007లో వాణిజ్య ప్రతినిధి కార్యాలయంలో చేరి, చైనాకు సంబంధించిన వాణిజ్య వివాదాల్లో ప్రధాన న్యాయవాదిగా ఎదిగారు. 2014లో ప్రతినిధుల సభకు చెందిన వేస్ అండ్ మీన్స్ కమిటీలో చేరి, 2017లో ఆ కమిటీకి ప్రధాన వాణిజ్య న్యాయ సలహాదారు అయ్యారు.

గ్వాటెమాలా పాఠం

వాణిజ్య ఒప్పందాల్లో కార్మిక నిబంధనలు కొత్త కాదు. వాటిని అమలు చేయించడమే కష్టం. గ్వాటెమాలా తన కార్మిక చట్టాలను అమలు చేయడం లేదంటూ అక్కడి సంఘాలు, అమెరికా కార్మిక సమాఖ్య కలిసి 2008లో ఫిర్యాదు చేశాయి. 2017లో వెలువడిన తీర్పులో అమెరికా ఓడిపోయింది. కొన్ని ఉల్లంఘనలు రుజువైనా, అవి వాణిజ్యంపై ప్రభావం చూపేంతగా పదే పదే జరిగినట్లు తేలలేదని మధ్యవర్తుల బృందం పేర్కొంది. తొమ్మిదేళ్ల వ్యాజ్యం ఒప్పందంలోని కొన్ని మాటల దగ్గర వీగిపోయింది.

యూఎస్‌ఎంసీఏపై 2019 డిసెంబరులో కుదిరిన సవరణలు ఆ లోపాన్ని సరిదిద్దాయి. ఉల్లంఘన వాణిజ్యంపై ప్రభావం చూపిందనే ముందుగా భావిస్తారు. కాదని నిరూపించుకోవలసిన భారం ఎదుటి పక్షానిదే. వీటితోపాటు ‘సత్వర స్పందన యంత్రాంగం’ వచ్చింది. ఇది దేశం మొత్తంపై కాక ఒక్కో కర్మాగారంపై పనిచేస్తుంది. ఉల్లంఘన పునరావృతమైతే సరుకును దేశంలోకి రానివ్వకుండా ఆపే అధికారమూ ఇందులో ఉంది.

సిలావోలో తొలి పరీక్ష

2021 ఏప్రిల్‌లో మెక్సికోలోని సిలావోలో ఉన్న జనరల్ మోటార్స్ కర్మాగారంలో వేతన ఒప్పందంపై కార్మికులు ఓటింగ్ జరుపుకున్నారు. అందులో తీవ్ర అవకతవకలు జరిగినట్లు మెక్సికో కార్మిక శాఖ గుర్తించింది. వాణిజ్య ప్రతినిధి హోదాలో తై మే 12న కొత్త యంత్రాంగాన్ని ప్రయోగించారు. ఆగస్టులో మళ్లీ ఓటింగ్ జరగగా, కార్మికులు పాత ఒప్పందాన్ని తిరస్కరించారు. 2022 ఫిబ్రవరిలో భారీ ఆధిక్యంతో ఒక స్వతంత్ర సంఘాన్ని ఎన్నుకున్నారు. ఫిర్యాదు నుంచి కొత్త సంఘం వరకు ఏడాది కూడా పట్టలేదు.

అభ్యంతరాలు

ఈ యంత్రాంగం ఇరుదేశాలకు సమానంగా వర్తించదన్న విమర్శ ఉంది. అమెరికా కర్మాగారంపై దీన్ని ప్రయోగించాలంటే, ఆ కర్మాగారంపై అక్కడి జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఉత్తర్వు అమల్లో ఉండాలి. మెక్సికో కర్మాగారాలకు అలాంటి రక్షణ లేదు.

కార్మిక ప్రమాణాలను వాణిజ్యంతో ముడిపెట్టడం ధనిక దేశాల రక్షణవాదానికి ముసుగు కాగలదని భారత్ చాలాకాలంగా వాదిస్తోంది. ఆ ప్రమాణాలకు తగిన వేదిక అంతర్జాతీయ కార్మిక సంస్థేనని 1996లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం కూడా ప్రకటించింది.

భారత్‌తో సంబంధాలు

తై 2021 నవంబరులో ఢిల్లీకి వచ్చి, నాలుగేళ్లుగా సమావేశం కాని భారత్–అమెరికా వాణిజ్య విధాన వేదికను మంత్రి పీయూష్ గోయల్‌తో కలిసి పునరుద్ధరించారు. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఇరుదేశాల మధ్య ఉన్న ఆరు వివాదాలు 2023 జూన్‌లో, ఏడోది సెప్టెంబరులో పరస్పర అంగీకారంతో ముగిశాయి.

భారత్ వైఖరిలోనూ కొంత మార్పు కనిపిస్తోంది. 2025 జులై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో కార్మికులకు సంబంధించి ప్రత్యేక అధ్యాయం ఉంది. అలాంటి అధ్యాయాన్ని చదివేటప్పుడు గ్వాటెమాలా, సిలావో ఉదంతాలు రెండూ గుర్తుంచుకోవలసినవే. హక్కును ఒప్పందంలో రాసుకోవడంతోనే పని పూర్తికాదు. ఉల్లంఘనను ఎవరు నిరూపించాలి, ఎంతకాలంలో తేల్చాలి అన్నవి కూడా అందులోనే స్పష్టంగా ఉండాలి.