‘కు’ వర్ణకపు కాపురము

బాలవ్యాకరణమునందు చతుర్థీవిభక్తికి ‘కొఱకు’, ‘కై’ అను రెంటినే ఒసగి, బిచ్చగానికి బియ్యము పెట్టించునట్టి ‘కు’ను చిన్నయసూరి షష్ఠిలో ‘యొక్క’ సరసన కూర్చుండబెట్టెనని గ్రహించిననాడు నాకు కలిగిన వినోదము ఇంతింత కాదు. చిన్ననాడు ‘డుమువులు’ వల్లించుచు ఈ తావును ఎన్నిమారులు దాటితినో గాని, దాతకును గ్రహీతకును నడుమ నిలువవలసినది స్వామ్యమును దెలుపు పంక్తిలోనికెట్లు చేరెనని అడుగనైతిని.

మన ‘కు’ చేయు పనులలో పెక్కింటిని చేయు ‘ని’ అను చిన్నమాట జపానుభాషలో ఉన్నది. టోక్యోకు పోవుట ‘తోక్యో ని ఇకు’. ఏడుగంటలకు అనుట ‘షిచిజి ని’. ‘నాకు అన్న గలడు’ అనుటయు ‘వతషి ని వ అని గ ఇరు’. బల్లమీద పుస్తకమున్నదనుటకును వారు ‘ని’నే పిలుతురు, అచ్చట మన ‘కు’ గడప దాటదు. ఈ పోలిక పనిలోనిదే గాని పుట్టుకలోనిది గాదు. ‘కు’కు దాయాదులు తమిళపు ‘క్కు’, కన్నడపు ‘గె’, ‘కె’, దూరాన బలూచిస్థానమున బ్రాహుయీవారి ‘కి’.

ఇక 1858 నాటి సూరికడకే మరలుదును. ‘నాకు కొడుకు గలడు’ అని మనమనుచోట సంస్కృతము ‘మమ’ అని షష్ఠినే వాడును. ప్రాకృతములలోనైతే చతుర్థి చాలవఱకు షష్ఠిలోనే లీనమయ్యెను. కావున ‘కు’లో ఇచ్చుటకంటె కలిగియుండుటనే మన వైయాకరణులు ముందుగా చూచిరని నా ఊహ. నేడు ‘నేను ఇద్దరు కొడుకులను కలిగియున్నాను’ అని వ్రాయువారు ఆ సొగసును చేజేతుల పోగొట్టుచున్నారు.

‘కు’లోని ఈ స్వామ్యపు బలమును ఒక ఊరు నాకు చూపినది. సిద్దిపేట జిల్లా తొగుట మండలమున వేములఘాట్ అను ఊరుండెను. ఏబది టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయము క్రింద అది మునిగినది. జనులను గజ్వేల్ చెంతకు తరలించిరి. ‘వేములఘాట్‌కు పోతున్న’ అను వాక్యమునకు ఇక త్రోవ లేదు. గమ్యమును చూపు ‘కు’ ఊరితోడనే మునిగినది. స్వామ్యమును చెప్పు ‘కు’ మాత్రము మునుగలేదు. ‘మాకు ఊరుండె’ అన్నప్పుడు విభక్తి చెక్కుచెదరక నిలిచియున్నది. మారినది క్రియ యొక్కటే.