కిందికి దిగలేదు, ఊరే విడిచింది

గుడారిలో తెలుగు మాట్లాడే ఇళ్లకు పాలన భువనేశ్వర్ నుంచి వస్తుంది. సినిమాలు, సంబంధాలు, పెళ్లిబట్టలు ఎక్కువగా ఆంధ్రా వైపు నుంచి వస్తాయి. వంశధార ఒడ్డున ఉన్న మా ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్స్ అయ్యేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1992లో కోరాపుట్ జిల్లా నుంచి విడివడిన రాయగడ జిల్లాలో ఇప్పుడుంది. రాయగడలో హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియానికి బయల్దేరినా పార్వతీపురం, విజయనగరం మీదుగా, అంటే ఆంధ్రాలోంచే పోవాలి. అందుకే ఫుట్‌బాల్ మాట వస్తే మావాళ్లు రెండు పక్షాలవుతారు. ఒడిశా ఎఫ్‌సీ, హైదరాబాద్ ఎఫ్‌సీ తలపడిన రోజున ఒకే అరుగు మీద రెండు పక్షాలూ కూర్చునేవి. నాది ఒడిశా పక్షం. హైదరాబాద్ పట్టికలో అట్టడుగుకు జారినప్పుడు సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ క్లబ్ కథ మొత్తం చూశాక మాత్రం సంబరం నిలవలేదు.

రెండు క్లబ్బులూ 2019 ఆగస్టు చివరి వారంలో, రోజుల తేడాతో పుట్టాయి. రెండూ మరో ఊరి క్లబ్ పోతే వచ్చినవే. పుణె సిటీ మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ స్థానం హైదరాబాద్‌కు దక్కింది. ఢిల్లీ డైనమోస్ జట్టు ఊరు మార్చుకుని ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆ ఏడాది కళింగ స్టేడియం బాలికల అండర్-17 ప్రపంచకప్ కోసం మరమ్మతుల్లో ఉండటంతో, ఒడిశా తన తొలి సొంత మ్యాచ్‌లను పుణెలోని బాలేవాడిలో ఆడింది. జట్టును పోగొట్టుకున్న ఊరి మైదానంలో, ఆ జట్టు స్థానంలోకి వచ్చిన హైదరాబాద్‌ను 2019 డిసెంబరులో 3-2తో ఓడించింది. అది మా గెలుపని చెప్పుకున్నాం. పుణె అభిమాని ఆ రోజు ఏమనుకుని ఉంటాడన్న ఆలోచన అప్పుడు మా అరుగు మీద ఎవరికీ రాలేదు.

హైదరాబాద్‌కు స్టేడియం కొరత లేదు, ఫుట్‌బాల్ చరిత్రకూ లోటు లేదు. ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం అంటున్న ఫతే మైదాన్ వైపు చూస్తే దేశ ఫుట్‌బాల్‌లో ఒక యుగమే కనిపిస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయిలో ఆ ట్రోఫీ కోసం కలకత్తా పెద్ద క్లబ్బులు దిగే రోజులవి. సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లోనూ, మరుసటి ఏడాదీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకూ, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకూ రహీమే కోచ్. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు. జకార్తా నుంచి తిరిగొచ్చాక రహీం ఎక్కువ కాలం బతకలేదు. 1963 జూన్‌లో క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. ఆ తర్వాత ఆ నగరం అంత ఎత్తుకు మళ్లీ ఎక్కలేదు.

ఆ వారసత్వం మీద కట్టిన ఆశే 2019లో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో కనిపించింది. కొత్త జట్టు మొదటి మ్యాచ్‌లో కలకత్తాలో 5-0తో చిత్తయింది. వారం తిరగ్గానే సొంత మైదానంలో కేరళను 2-1తో ఓడించింది. సీజన్ ముగిసేసరికి మాత్రం 18 మ్యాచ్‌లలో రెండే గెలుపులు, 10 పాయింట్లు, చిట్టచివరి స్థానం. మరుసటి ఏడాది ఆ స్థానం మాది: ఒడిశా 12 పాయింట్లతో కింద మిగిలింది. చాలా దేశాల లీగ్‌లలో ఇలాంటి సీజన్‌కు శిక్ష ఉంటుంది, కింది డివిజన్‌కు పంపేస్తారు. సూపర్ లీగ్‌లో అప్పట్లో ఆ భయం లేదు. ఆ వెసులుబాటును వాడుకుని హైదరాబాద్ నిజంగానే లేచింది. స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్కెజ్ చేతిలో రెండేళ్లలో జట్టు మారిపోయింది. 2021-22లో ఓగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. కేరళ మీద 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమని మూడు షాట్లు ఆపాడు. హైదరాబాద్ చాంపియన్.

బాధించే సంగతేమిటంటే కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. చాంపియన్ అయిన ఏడాదిలో ఆ జట్టు గచ్చిబౌలిలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. మరుసటి సీజన్‌లో ఇంటికొచ్చి పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. ఆ ఊరికి దక్కిన మంచి రోజులు ఆ ఒక్క సీజనే.

2023లో మార్కెజ్ గోవా క్లబ్‌కు వెళ్లిపోయాడు. జీతాలు అందడం లేదని ఆటగాళ్లు ఫిర్యాదులు చేశారు. కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధాలు వచ్చి పడ్డాయి. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే సామాను సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో జట్టును మైదానంలోకి దించేవాడు. 2023-24లో 22 మ్యాచ్‌లు, ఒకే గెలుపు, 8 పాయింట్లు. అదే సీజన్‌లో మా ఒడిశా ఏఎఫ్‌సీ కప్‌లో కలకత్తా వెళ్లి మోహన్ బగాన్‌ను 5-2తో ఓడించింది. మా అరుగు మీద ఎకసెక్కాలు మొదలయ్యాయి. ఆ జీతంలేని కుర్రాళ్లు ప్రతి వారం వచ్చి ఆడుతున్నారన్నది మేం పట్టించుకోలేదు. మా వైపు తప్పు అదీ.

అట్టడుగున నిలిచినా ఆ క్లబ్ కిందికి దిగలేదు. అదే నగరంలో శ్రీనిధి డెక్కన్ అనే మరో క్లబ్, సూపర్ లీగ్‌కు కింది అంచె అయిన ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. అక్కడ మొదటి స్థానం వాళ్లకే పై లీగ్ తలుపు. ఆ రెండుసార్లూ పంజాబ్, మహమ్మడన్ ఎక్కిపోయాయి. పైన ఎనిమిది పాయింట్ల జట్టుకు చోటు భద్రం, కింద గట్టిగా ఆడుతున్న జట్టుకు మెట్టు లేదు. ఓడితే దిగాలి, గెలిస్తే ఎక్కాలి. ఈ నియమం నిర్దయగా కనిపిస్తుంది గానీ, దిగిన జట్టు తన ఊళ్లోనే ఉంటుంది. గ్యాలరీ సగం ఖాళీ అయినా గేటు తెరుస్తారు. దిగే దారి మూసేసిన లీగ్‌లో డబ్బు కరువైన యజమానికి మిగిలేవి రెండే: అమ్మడం, తరలించడం.

2024లో యాజమాన్యం చేతులు మారింది. 2024-25లో జట్టు కింది నుంచి రెండో స్థానంలో ముగించింది. 2025 అక్టోబరులో క్లబ్ ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఢిల్లీ నుంచి ఒకటి మాకొచ్చింది, ఆరేళ్లకు హైదరాబాద్ నుంచి ఒకటి ఢిల్లీకి పోయింది. పుణెకు ఇంతవరకూ ఏదీ తిరిగి రాలేదు. గచ్చిబౌలిలో మైదానం మాత్రం బాగానే ఉంది. 2024 సెప్టెంబరులో ఇంటర్ కాంటినెంటల్ కప్ అక్కడే జరిగింది, ఆ ఏడాది చివరి రోజున బెంగాల్ కేరళను 1-0తో ఓడించిన సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే.

లండన్‌లో వింబుల్డన్ క్లబ్‌కు ఇదే జరిగింది. 1991లో ప్లౌ లేన్ మైదానం వదులుకుని ఇంకొకరి స్టేడియంలో తలదాచుకున్న ఆ జట్టును యజమానులు 2003లో మిల్టన్ కీన్స్‌కు తరలించారు. అభిమానులు అంతకు ఏడాది ముందే తమ సొంత క్లబ్ పెట్టి తొమ్మిదో అంచె నుంచి మొదలెట్టారు. 2020 నవంబరులో ప్లౌ లేన్ వీధికి, కొత్త స్టేడియంలోకి తిరిగొచ్చారు. 2025లో వాళ్లు మూడో అంచెకు ఎక్కినప్పుడు, ముప్పై వేల సీట్ల స్టేడియం ఉన్న మిల్టన్ కీన్స్ జట్టు నాలుగో అంచెలో 19వ స్థానంలో ఉంది. అక్కడి అభిమానులకు ఎక్కడానికి మెట్లున్నాయి కాబట్టి అది సాధ్యమైంది. హైదరాబాద్ అభిమానులు రేపు సొంత క్లబ్ పెట్టుకున్నా, ఎన్ని సీజన్లు గెలిస్తే ఎంత పైకి వెళ్తారో చెప్పే నిచ్చెన వాళ్ల ముందు ఉండాలి కదా.

మా వైపూ నేల గట్టిగా లేదు. దేశ ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్ నిర్వాహకులకూ మధ్య 2010లో కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం గడువు దగ్గరపడి, 2025 జులైలో సూపర్ లీగ్‌ను కొంతకాలం నిలిపివేశారు. ఆగస్టులో ఒడిశా ఎఫ్‌సీ ఆటగాళ్ల, సిబ్బంది ఒప్పందాలను తాత్కాలికంగా ఆపేసింది. కళింగ స్టేడియం రాష్ట్ర ప్రభుత్వానిది, అది ఎక్కడికీ పోదు. క్లబ్‌కు అలాంటి హామీ లేదు. అభిమానులకు వాటా గానీ, తరలింపు మీద ఓటు గానీ రాసిచ్చిన కాగితమేదీ లేదు. హైదరాబాద్ పక్షం వాళ్లు అరుగు మీదకు ఇప్పుడూ వస్తున్నారు. మా మ్యాచ్‌లు చూస్తారు, గోల్ పడితే చప్పట్లు కొడతారు. మా క్లబ్ సంగతేమైందని ఈమధ్య మాకంటే ముందు వాళ్లే అడుగుతున్నారు.